పసుపునీళ్లు పడ్డ ఫోను

1998 వేసవిలో మా ఊరి యోబు తాగుబోతయ్యాడు. చుక్క ముట్టకుండానే అయ్యాడు. అంతకుముందు తాగలేదు, ఆ తర్వాతా తాగలేదు. మధ్యలో ఒక్కరోజు పెద్దమనుషులకు అవసరం పడి అతణ్ణి తాగించేశారు, అదీ నోటిమాటతో. సీసా ఖర్చు కూడా లేకుండా మనిషిని తాగుబోతును చేయగల ఊరు మాది. పేరు జగ్గన్నపుట్టుగ. మందస నుంచి సముద్రం వైపు వస్తే జీడితోటలు అయిపోయి కొబ్బరితోటలు మొదలయ్యే చోట ఉంటుంది.

యోబు పని చావుకబురు మోయడం. ఊళ్లో రైతుల ఇళ్లలో ఎవరు పోయినా బంధువుల ఊళ్లకు కబురు పట్టుకెళ్లాల్సింది మా పేటవాళ్లే. మాది ఊరి చివర చర్చి చుట్టూ ఉన్న పేట. మాకే ఎందుకని అడిగితే మొదట్నుంచీ అంతే అంటారు. మా ఊళ్లో ప్రతి అన్యాయమూ ఒకే రోజున పుట్టింది, ఆ రోజు పేరు మొదట్నుంచీ.

యోబుకు రెండు నియమాలుండేవి. పంపితేనే వెళ్లాలి, చెప్పమన్నదే చెప్పాలి. ఊరివాళ్లకు ఒక్కటే: కబురు తెచ్చినవాడు గుమ్మం ఎక్కకూడదు. అతను వీధిలోనే సైకిలు ఆపి, "గుమ్మం దిగి రండి బాబూ" అనేవాడు. ఆ ఒక్క మాటకే లోపల ఆడవాళ్లు ఏడుపు అందుకునేవారు. దిగి వచ్చి విన్నాక, అతను వెళ్లిపోయాక, అతను నిలబడ్డ చోట పసుపునీళ్లు చల్లేవారు. చావుకు మైల ఉన్నట్టే చావు చెప్పిన మనిషికీ ఉంటుందట. కబురును మాత్రం ఏ మైలా లేకుండా వాడుకునేవారు.

ఆ వేసవిలో పోలారావు గారి భార్య కాంతమ్మ పోయింది. పోలారావు అంటే ఊళ్లో సగం కొబ్బరిచెట్లు. ఆయనకు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు సూర్యకుమారిని కోటబొమ్మాళి ఇచ్చారు. కొడుకు ఢిల్లేశ్వరరావు ఇంటిపెత్తనం చేసేవాడు. కబురు ఎక్కడెక్కడికి వెళ్లాలో అతనే తెల్లవారుజామున యోబుకు చెప్పాడు. మందస, హరిపురం, పలాస, ఇంకో రెండు ఊళ్లు.

యోబు సైకిలెక్కబోతూ అడిగాడు: "బాబూ, కోటబొమ్మాళి కూతురమ్మకి?"

"అది నాను సూసుకుంటాను. నువ్వెల్లు."

పలాసలో ఆఖరి ఇంట్లో చెప్పేసరికి తొమ్మిదయింది. ఆర్టీసీ కాంప్లెక్సులో కోటబొమ్మాళి మీదుగా పోయే బస్సు అతని ఎదురుగానే ఆగి ఉంది. యోబు కాసేపు దానివైపు చూశాడట. తర్వాత సైకిలు వెనక్కి తిప్పాడు. పంపలేదు కదా.

మధ్యాహ్నానికి శవం లేచిపోయింది. మాలో ఆచారం కాదు గాని వాళ్లలో తల్లి పోతే కూతురు నీళ్లు పోయాలి, ఒంటి మీది నగ తీసి కూతురి చేతిలో పెట్టాలి. కాంతమ్మ మెడలో బంగారు కంటె ఉండేది. కూతురు వచ్చే లోపు నీళ్లు పోయడం అయిపోయింది, కంటె తీయడమూ అయిపోయింది. రెండేళ్ల తర్వాత అది ఢిల్లేశ్వరరావు భార్య మెడలో కనిపించినప్పుడు ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికి కూడా మా ఊళ్లో కొంత పొలం ఉండాలి.

మర్నాడు సూర్యకుమారి సంతలో ఎవరో అంటే విని, పరిగెత్తుకొచ్చి నడివీధిలో కూలబడింది. "నాకెందుకు సెప్పలేదురా ఢిల్లీ?" అని అడిగింది. ఢిల్లేశ్వరరావు అప్పకు, అంటే అక్కకు, జవాబు చెప్పడానికి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"యోబుగాడిని పంపినానప్పా. టెక్కలిలో బ్రాందీ కొట్టుకాడ పడిపోనాడంట."

యోబు అక్కడే, వీధిలో, అతను ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. ఢిల్లేశ్వరరావు చెంప మీద ఒకటి కొట్టి ఆ నోరు మూశాడు. సూర్యకుమారి యోబు వైపు చూసి, "మా అమ్మ మొకం సూడనియ్యలేదు గదరా, నీ సీసాకి నా తల్లే దొరికిందేటి" అంది. అందరూ ఆమె దుఃఖానికి తలలూపారు.

ఊరి మాటను ఊరితో వదిలేస్తే చర్చి ఎందుకు? తాగినవాణ్ణి ప్రభువు బల్ల నుంచి తీసేయడం మా సంఘం నియమం. బల్ల అంటే నెలకోసారి మొదటి ఆదివారం పంచే రొట్టె ముక్క, ద్రాక్షరసం. ఆ ముక్క గోరంత ఉంటుంది. కానీ అది అందుకున్నవాడు మనిషి, అందుకోనివాడు పేట మొత్తానికీ వేలెత్తి చూపడానికి పనికొచ్చేవాడు. సంఘపెద్ద దానయ్య పోలారావు గారి తోటలో కాయలు దింపించే మేస్త్రీ. విచారణ ఆయనే జరిపాడు. సాక్షుల్ని పిలవలేదు, ఢిల్లేశ్వరరావు మాట ఉండగా సాక్షులెందుకని.

"ఒప్పేసుకో యోబూ," అన్నాడు. "తప్పయిపోనాదని ఒక్క మాటను. వచ్చే నెలకి బల్లకి వచ్చేద్దువు."

"తాగనోడిని తాగినానని సెప్పి రొట్టి తింటే, ఆ రొట్టి అరుగుతాదా దానయ్య బావా?" అన్నాడు యోబు.

అరుగుదల సంగతి నియమాల్లో లేదు కాబట్టి తీసేశారు. ఆ రోజు నుంచి అతను చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చునేవాడు. రొట్టె పళ్లెం ఆ బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరిగేది. పక్కన అతని భార్య తబితా తన ముక్క అందుకుని, తల వంచుకుని, అది నమలడానికి పాట అంతా అయ్యేదాకా సమయం తీసుకునేది. నాకు మావ వరస అవుతాడు యోబు. ఎన్నోసార్లు అడిగాను, అందరికీ నిజం చెప్పెయ్యొచ్చు కదా అని. "సెప్పినాను రా జాకబ్," అనేవాడు. "తాగుబోతు మాటని అన్నారు." ఇంకొకటి కూడా అనేవాడు. "తాగలేదన్నది నిజిమే. బస్సెక్కలేదన్నదీ నిజిమే."

తర్వాత ఫోన్లు వచ్చాయి. మొదట్లో సిగ్నల్ కోసం సముద్రం ఒడ్డున ఇసకదిబ్బ ఎక్కాల్సి వచ్చేది. ఊళ్లో పెద్దవాళ్లంతా సాయంత్రం దిబ్బ మీద చేతులు పైకెత్తి నిలబడితే ఏదో కొత్త మతం పుట్టిందనిపించేది. 2006లో ఆ బాధా తీరింది. పోలారావు గారి తోటలోనే టవరు లేచింది. ఆ ముక్క ఆయన పసుపుకుంకాల కింద కూతురికి ఇస్తానని పదిమందిలో అన్న నేల. అన్నది నోటితో, టవరు లేచింది ఇనుముతో. ఏది నిలబడుతుందో వేరే చెప్పాలా? అద్దె ఢిల్లేశ్వరరావుకు వచ్చేది.

టవరుకు కాపలా మనిషి కావాలన్నారు. కరెంటు పోగానే జనరేటరు వేయాలి, డీజిల్ కాయాలి. ఆ కాలంలో డీజిల్ అంటే బంగారం. ఎవరిని పెట్టమంటారని కాంట్రాక్టరు అడిగితే ఢిల్లేశ్వరరావు యోబు పేరు చెప్పాడు. ఊరందరి ముందు తాగుబోతని చాటిన మనిషికే డీజిల్ పీపాల తాళం ఇప్పించాడు. ఊళ్లో నమ్మదగ్గ మనిషి ఎవరో అతనికి మొదట్నుంచీ తెలుసన్నమాట.

యోబు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? టవరు వచ్చాక చావుకబురు మోయడానికి అతణ్ణి పిలిచే దిక్కు లేదు. తన పని పోగొట్టిన దానికే కాపలా కూర్చున్నాడు.

ఆచారం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫోన్లో చావు చెప్పేవాళ్లు కూడా ముందు, "ఓపాలి గుమ్మం దిగి బయటకి రండి" అనేవారు. సిగ్నల్ అందాలన్నా బయటకే రావాలి గనక ఆచారానికీ టవరుకూ పేచీ రాలేదు. పేచీ వచ్చింది మా కొట్లో. అప్పటికి నేను కాశీబుగ్గలో ఫోన్లు బాగుచేసే కొట్లో పనికి కుదిరాను. ఒకరోజు బైపల్లి వైపు నుంచి ఒకావిడ ఫోను తెచ్చింది. విప్పితే లోపలంతా పచ్చగా ఉంది.

"ఏటమ్మా, దీన్లో పులుసు పడిందేటి?"

"పులుసేటి బాబూ. మా పెదమావ పోనాడని కబురొచ్చింది. పసుపునీల్లు సల్లినాను."

"ఫోను మీదా?"

"మరి కబురు దాన్లోంచే గదా వొచ్చింది? వీధిలో ఎవుడూ నిలబడ్నేదు, ఎక్కడని సల్లమంటావు?"

 ఆ తర్వాత నెలకు రెండైనా పచ్చ ఫోన్లు వచ్చేవి. సెల్లును కనిపెట్టిన దేశాల్లో దీన్ని ఊహించి ఉండరు. నీళ్లు పడితే ఏమవుతుందో కాగితంలో రాశారు గాని పసుపునీళ్ల సంగతి రాయలేదు.

2008లో టవరుకు కొత్త పెట్టెలు బిగించి, ఇక నెట్టు పరిగెడుతుందన్నారు. ఢిల్లేశ్వరరావు వెంటనే టచ్ ఫోను కొన్నాడు. టవరు కింద మంచం వేయించుకుని, నెట్టు వచ్చిందని తెర మీద మూల వెలిగే అక్షరం అందరికీ చూపించేవాడు. తెర మధ్యలో గుండ్రంగా ఒకటి తిరుగుతూ ఉండేది. "లోడవతన్నాది" అనేవాడు. పరిగెత్తే నెట్టు కోసం మా ఊరు అంత ఓపిగ్గా కూర్చోవడం అంతకుముందు ఎన్నికల ఫలితాలకు కూడా చూడలేదు. కోటబొమ్మాళిలో సూర్యకుమారికీ టచ్ ఫోను వచ్చింది. టెక్కలిలో ఇంజనీరింగు చదువుతున్న ఆమె కూతురు తనూజ కొనిపించింది. యోబుకు కాంట్రాక్టరు ఒక నొక్కుడు బటన్ల ఫోను ఇచ్చి, కరెంటు పోతే తనకు చెప్పడానికి తప్ప దేనికీ వాడొద్దన్నాడు.

2009 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున పోలారావు గారు పోయారు. సిగ్నల్ బాగా ఉంటుందని ఢిల్లేశ్వరరావు టవరు కిందికి వచ్చి కబుర్లు మొదలుపెట్టాడు. పక్కనే రేకుల గదిలో యోబు. ముప్పయ్యేళ్లు కబుర్లు మోసిన మనిషికి లెక్క తప్పదు. మందస అయింది, హరిపురం అయింది, పలాస అయింది, విశాఖపట్నం కూడా అయింది. మధ్యలో కరెంటు పోతే యోబు లేచి జనరేటరు వేశాడు. ఆ మోత చాటున ఢిల్లేశ్వరరావు ఇంకా గట్టిగా అరిచి ఇంకో నలుగురికి చెప్పాడు. అందరితోనూ పదకొండింటికి లేపేస్తామన్నాడు. ఫోను జేబులో వేసుకుని వెళ్లబోయాడు.

యోబు బయటకు వచ్చాడు. "బాబూ, కోటబొమ్మాళి కూతురమ్మకి?"

"అది నాను సూసుకుంటాను," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "నువ్వు జనరేటర్ సూడు."

పదకొండేళ్లకు మాట కూడా మార్చలేదు. మార్చాల్సినంత గొప్పవాడిగా యోబును ఎన్నడూ లెక్కపెట్టలేదు గనక.

ఎనిమిదిన్నరకు కొట్లో నా ఫోను మోగింది. యోబు నాకు ఫోను చేయడం అదే మొదలు.

"ఒరే జాకబ్, సూర్యకుమారమ్మ నెంబరు గావాల."

"ఎవరు పంపమన్నారు మావా?"

అటు జనరేటరు మోత వినిపిస్తోంది. "ఎవుళూ పంపలేదు," అన్నాడు. "ఈపాలి బస్సెక్కుతాను."

రీచార్జి కొట్లవాళ్లం ఒకరికొకరం తెలుసు. కోటబొమ్మాళిలో రీచార్జి చేసేవాణ్ణి అడిగితే పుస్తకం తిరగేసి పది నిమిషాల్లో నెంబరు చెప్పాడు. యోబు ఆమెతో ఏమన్నాడో తర్వాత అతనే నాకు చెప్పాడు.

"అమ్మా, ఓపాలి గుమ్మం దిగి బయటకి రండి."

"ఎవరు?"

"జగ్గన్నపుట్టుగ యోబునమ్మా."

"తాగుబోతు యోబువా?"

"అవునమ్మా. ఆ యోబునే. నాన్నగారు పోనారు. పదకొండుకి లేపేత్తారు. బేగి రండి."

ఆమె జీపు కట్టించుకుని వచ్చేసరికి పదిన్నర దాటింది. శవాన్ని వాకిట్లో స్నానానికి కూర్చోబెట్టి ఉన్నారు. నేనూ కొట్టు వదిలి వెళ్లి వీధిలో మా వాళ్ల మధ్య నిలబడ్డాను. జీపు చూడగానే ఢిల్లేశ్వరరావు ఎదురెళ్లి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. బాగానే ఏడ్చాడు.

"ఎన్నిపాల్లు కొట్టినానో అప్పా. సిగ్నల్ అన్నదే నేదు. కరెంటు పోనాది. ఈ యోబుగాడు తాగేసి తొంగున్నాడు, జనరేటర్ ఎయ్యలేదు."

ఒకే మనిషి మీద ఒకే అబద్ధం రెండుసార్లు. కొత్తది ఆలోచించడానికి కూడా బద్ధకం. మధ్యలో టవరొచ్చి చేరింది, అంతే తేడా.

సూర్యకుమారి చేతులు విడిపించుకుంది. చుట్టూ చూసింది. మందస వాళ్లున్నారు, హరిపురం వాళ్లున్నారు, పలాస వాళ్లున్నారు. "వీల్లందరూ ఏ సిగ్నల్ పట్టుకొచ్చినార్రా ఢిల్లీ?" అంది.

అతను ఏదో అనబోయాడు. ఆమె కొంగులోంచి ఫోను తీసి అతని ముందు పెట్టింది. టచ్ ఫోను. అద్దం కింద నీరు దిగి, అంచులన్నీ పచ్చబడి, చచ్చిపోయి ఉంది.

"మా అత్త పసుపునీల్లు సల్లీసింది. ఎవుడి కబురుకి సల్లిందో తెలుసా? యోబు కబురుకి. నీ సిగ్నల్ రాలేదు గాని, వాడి కబురు కోటబొమ్మాళి వచ్చింది."

 ఢిల్లేశ్వరరావు భార్య పైట మెడ చుట్టూ పూర్తిగా కప్పుకుంది. సూర్యకుమారి వీధిలోకి తిరిగి, "ఒరే యోబూ, మా అమ్మ పోయిన రోజు నిన్ను పంపినాడా?" అని అడిగింది.

యోబు ఎప్పుడూ నిలబడే చోటే ఉన్నాడు. "పంపలేదమ్మా," అన్నాడు. "పలాసలో మీ ఊరి బస్సు నా ఎదురుంగా ఉన్నాది. పంపలేదని ఎక్కలేదు. అది మట్టుకు నా తప్పే."

దానయ్య కూడా అక్కడే ఉన్నాడు. నేను పనిగట్టుకుని అతని మొహం చూశాను. కొబ్బరికాయలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

ఆమె యోబుకు క్షమాపణ చెప్పలేదు. అలాంటివి చెప్పే అలవాటు వాళ్ల ఇళ్లలో లేదు. తమ్ముడి చేతిలోని చెంబు లాక్కుని, "అడ్డు లెగు," అని తండ్రికి నీళ్లు పోసింది. "టవరు కింద నేల సంగతి పదోరోజున మాటాడదాం," అని మాత్రం నీళ్లు పోస్తూనే అంది.

పదోరోజు దాకా కూడా ఆగకుండా యోబు ఉద్యోగం పోయింది. కంపెనీ ఫోనును సొంత పనికి వాడాడని. పోలారావు గారు చావడం యోబు సొంత పని అని అప్పుడే నాకు తెలిసింది. టవరు దగ్గర ఫోను మాట్లాడినందుకు పని పోగొట్టుకున్న మనిషి దేశంలో అతనొక్కడే అయి ఉంటాడు. అతని బదులు పెట్టిన మనిషి నిజంగానే తాగుతాడు. కరెంటు పోతే టవరూ అతనూ కలిసి పడుకుంటారు. ఇప్పుడు మా ఊళ్లో సిగ్నల్ లేదంటే అది నిజం. ఢిల్లేశ్వరరావు మాట అలా నిలబడింది.

ఇక బల్ల. దానయ్య వచ్చి, సంఘం మొత్తం ఆలోచించిందనీ, యోబు తప్పు చేయలేదని తేలింది గనక అతణ్ణి క్షమించడానికి ఎవరికీ అభ్యంతరం లేదనీ చెప్పాడు. ఒక కాగితం రాసి ఇవ్వాలట, తిరిగి చేర్చుకోమని. యోబు విని, "నన్ను ఎవుళు తీసీసినారో ఆల్లు గదా బావా కాయితం రాయాల," అన్నాడు. రెండు నెలలు ఎవరూ రాయలేదు. మూడో నెల మొదటి ఆదివారం పళ్లెం ఆఖరి బెంచీ దాకా వచ్చి తిరగబోతుంటే తబితా లేచి పట్టుకుంది. రెండు ముక్కలు తీసి, ఒకటి మొగుడి చేతిలో పెట్టింది. దానయ్య పళ్లెం గట్టిగానే వెనక్కి లాగాడట. ఆమె వదల్లేదట. యోబు తిన్నాడు.

ఆ ఏడాది చివర్లో అతణ్ణి ఆఖరిసారి చూశాను. అప్పటికి పలాసలో జీడిపిక్కల బాయిలరు దగ్గర పనికి వెళ్తున్నాడు. జీడిపాలకు వేళ్లు నల్లబడి తోలు లేచిపోయాయి. మా కొట్టు ముందు కొత్త బోర్డు వేలాడదీశాం, త్రీజీ వస్తోందని, ఫోన్లో మొహాలు చూసుకుంటూ మాట్లాడవచ్చని. దాని కింద నిలబడి అడిగాడు.

"అంటే సెప్పినోడి మొకం కనిపిత్తాదేటి?"

"కనిపిస్తుంది మావా."

"అబద్ధం ఆడినోడిది గూడానా?"

"అందరిదీ."

 సైకిలు స్టాండు తీస్తూ అన్నాడు: "మొకం కనిపించినా ఏటి నాభం రా, ఆ వేళ ఆడు నా మొకం సూసే గదా అబద్ధం ఆడినాడు. ఒరే జాకబ్, నాను సచ్చిపోతే ఫోన్లు సెయ్యకండి. సైకిలు మీద మనిషిని పంపండి. తాగినోడినే పంపు. ఆడు ఎల్లకపోయినా, తాగి పడిపోనాడన్నది నిజిమే అవుతాది, ఎవుడి మీదా అబద్ధం పడదు."